పిన్ను కొట్టిన పాఠం

మంగళవారం, రాత్రి

తమ్ముడు నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చి టీ తాగి వెళ్లాడు. తమ్ముడికి హెచ్‌ఐవి ఉందని మా అబ్బాయికి తెలుసు. మామ తాగిన గ్లాసును సబ్బుతో మూడుసార్లు తోమాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇంటర్ చదువుతున్నవ్, గింత కూడా తెల్వదారా?"

"సార్ ఆ ఎయిడ్స్ పాఠం పేజీలకు పిన్ను కొట్టించిండమ్మా. పరీక్షల రాదంట."

కత్తితో పిన్ను ఊడదీసి, పైకి చదవమన్నాను. ఎంగిలి గ్లాసుతో హెచ్‌ఐవి రాదని చదివాడు. కండోమ్ అనే మాట దగ్గర ఆగి నా వైపు చూశాడు.

"ఇగ చాలు, పో" అని పుస్తకం మూసేశాను. అన్నం వండుతున్నంతసేపూ ఆ సారునే తిట్టుకున్నాను.

రేపు ఆ పేజీ నేనే చదివి చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో... తమ్ముడికి వీడి వయసులో ఎవరూ చెప్పలేదు. అప్పుడు కూడా ఇంట్లో పెద్దదాన్ని నేనే.