జోడు బర్రెల కొలత

జూన్ 8, ఆదివారం

ఏటీవీ కొంటానని చెప్పగానే గీతాంజలి పకపకా నవ్వింది. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇంత గట్టిగా నవ్వగా ఎప్పుడూ చూడలేదు. నాలుగు లావు టైర్లు, మోటర్‌సైకిల్ హ్యాండిల్, నీళ్లలోనైనా బురదలోనైనా పోతుందని ఫోన్‌లో వీడియో చూపించాను. ఇంట్ల బర్రెలు సాలవా, మళ్ల ఇదొకటా అంది.

పోయిన ఆగస్టు ఆమె మరిచిపోయినట్టు నటిస్తోంది. నేను మరిచిపోలేదు. మా లాల్‌దర్వాజా గల్లీలో నడుం లోతు నీళ్లు. ఆమెకు మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. అంబులెన్స్ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. నలుగురం మంచం మీద మోసుకుపోతుంటే మూతలేని మ్యాన్‌హోల్‌లో నా కాలు దిగబడింది. మంచం ఒరిగి గీత మురికినీళ్లు మింగింది. వెనక్కి తెచ్చేశాం. ఒక్క సెషన్ తప్పినందుకు చావు దాకా వెళ్లి వచ్చింది. ఇంకోసారి తప్పితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టర్ చెప్పేశాడు. ఆ రోజు నుంచి మంచం అంటేనే ఆమెకు వణుకు.

వానలు ముదిరేలోపు బండి గుమ్మంలో ఉండాలి. అంతే.

జూన్ 12, గురువారం, ఉదయం 10

గీత మెషీన్ మీద ఉంది. నేను బయట బెంచీ మీద కూర్చుని టార్క్, గ్రౌండ్ క్లియరెన్స్ చదువుతున్నాను. పాలు పిండేవాడికి ఎన్ని చదువులో.

జూన్ 15, ఆదివారం

చేవెళ్ల వైపు మూసేస్తున్న ఒక రిసార్టుకు రజాక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. మొఘల్‌పురాలో మెకానిక్, నా చిన్ననాటి దోస్తు. అక్కడ అమ్మకానికి రెండే ఉన్నాయి. ఎర్రది సన్నగా ఉంది. వెనక కూర్చునేవాళ్లు ఇరుక్కుని కూర్చోవాలి. గాలి పీల్చే పైపు కిందికి ఉంది, నడుం లోతు నీళ్లొస్తే ఇంజన్ ఆగిపోతుంది. ఆకుపచ్చది పెద్దది. ఫోర్ వీల్ డ్రైవ్. వెనక సీటుకు ఒరగడానికి మెత్త కూడా ఉంది. గీత దానికి ఒరిగి కూర్చున్నట్టు నాకు అక్కడే కనిపించింది.

రజాక్ ఎర్రదే తీసుకోమన్నాడు. పైపుదేముంది భాయ్, పైకి లేపి కట్టిస్త, ముందుగాల నీ గల్లీ చూస్కో అన్నాడు. వీటికి రోడ్డు మీద తిరగడానికి నంబర్ రాదని కూడా చెప్పాడు. గల్లీ దాటిస్తే చాలు, మిగతాది అంబులెన్స్ చూసుకుంటుంది, నంబర్ ఎవడిక్కావాలి అన్నాను.

జూన్ 16, సోమవారం

టేపు పెట్టి కొలువు అని రజాక్ రెండుసార్లు ఫోన్ చేశాడు. నాకు టేపెందుకు? ఏ గల్లీలో ఏది పడుతుందో మా బాపు బర్రెలతోనే చెప్పేవాడు. మాది జోడు బర్రెల గల్లీ. రెండు పక్కపక్కన నడిచి వస్తాయి. గౌరినీ లచ్చినీ కొట్టంలో ఆనించి నిలబెట్టి, ఈ కడుపు నుంచి ఆ కడుపుకు తాడు పట్టి ముడి వేశాను. రిసార్టువాడితో ఆకుపచ్చ బండి వెడల్పు కొలిపించాను. ముడికి జానెడు తక్కువే ఉంది.

జూన్ 29, ఆదివారం

బండి డీసీఎం లారీలో వచ్చింది. గల్లీ మొదట్లో దింపి తోలుకొస్తే, మధ్యలో ముసలి నీలమ్మ ఇంటి మూల మలుపులో ఆగిపోయింది. గల్లీలోకి పొడుచుకొచ్చిన ఆమె రాతి మెట్టు ఒకవైపు, గోడ ఒకవైపు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూల దగ్గర లచ్చి తనంతట తానే మెట్టెక్కి దిగుతుంది. పుట్టినప్పటి నుంచీ బర్రెలను చూస్తున్నాను, ఆ సంగతి పట్టించుకుంటేనా.

రిసార్టుకు ఫోన్ చేశాను. ఎర్రది నిన్ననే అమ్ముడుపోయిందట. బండిని గల్లీ మొదట్లో వైకుంఠం కట్టెల అడ్డాలో టార్పాలిన్ కప్పి పెట్టాను. బోనాల రద్దీ అయిపోయాక ఇంటికి తెస్తానని గీతకు చెప్పాను. గల్లీలో పట్టిందా అని అడిగింది. పట్టిందన్నాను.

జూలై 6, ఆదివారం

మెట్టు తీయించమని నీలమ్మను అడిగాను. గీత కోసమని చెప్పలేదు. చెబితే నా అబద్ధం సాయంత్రానికల్లా గీత చెవిన పడుతుంది. బండి రావాలి అని మాత్రం అన్నాను. నీ షోకు బండికి మా ఆయన చేత్తో ఏసిన మెట్టు పగలగొట్టాల్నా, ఏంది నీ అకతాయితనం అని లేచింది. నాకు తిక్క రేగింది. ముసలిదానివి, మెట్టేం చేస్కుంటవ్ అన్నాను. మస్తు లొల్లి అయింది. రజాక్ వచ్చి నన్ను పక్కకు లాక్కుపోయాడు.

జూలై 20, ఆదివారం. బోనాలు

నీలమ్మ బోనం ఆ మెట్టు మీద దించి, కొంగు సర్దుకుని, గీత చెంప తడిమి వెళ్లింది. నా వైపు చూడలేదు.

ఆగస్టు 6, బుధవారం, సాయంత్రం

మధ్యాహ్నం నుంచి వాన. మెట్టు ఎత్తు అడుగే. వీడియోల్లో ఈ బండ్లు బండరాళ్లు ఎక్కుతాయి. ఎక్కుతుంది.

ఆగస్టు 7, గురువారం

గీత ఆరింటికే రెడీ అయి కూర్చుంది. ఫైలు పాలిథిన్ కవర్లో చుట్టుకుంది. మంచం వద్దంది. నీ బండి వస్తది గద అంది.

నడుం లోతు నీళ్లలో అడ్డా దాకా వెళ్లి స్టార్ట్ చేశాను. మూల దాకా బాగా వచ్చింది. ముందు టైరు మెట్టెక్కింది. బండి అటు ఒరిగి, హ్యాండిల్ గోడలో దిగబడి, బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ఉన్న ఒక్క దారినీ నేనే మూసేశాను. రజాక్, వైకుంఠం, ఇంకో ఆరుగురు గునపాలతో సాయంత్రం దాకా పెనుగులాడారు. అది కదల్లేదు.

గీత కాళ్లు ఉబ్బాయి. అప్పుడు నిజం చెప్పాను, ముందే పట్టలేదని. ముందుగాల చెప్తే మంచం మీదనే పోతుంటి గద అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆగస్టు 8, శుక్రవారం

పొద్దున నీళ్లు కొంచెం తగ్గాయి. గీతను చేతుల మీద మూల దాకా తెచ్చి, బండి మీదుగా అవతలివాళ్లకు అందించాం. వాళ్లు పట్టు సర్దుకునేదాకా ఆమెను సీటు మీద కూర్చోబెట్టాను. మెత్తకు ఒరిగింది. మంచిగున్నది అంది. తర్వాత, ఆస్పత్రికి చేరాక కూడా, ఇంకేం మాట్లాడలేదు.

ఆగస్టు 9, శనివారం

పొద్దున 4:40.

ఆగస్టు 24, ఆదివారం

నీలమ్మ మనిషిని పెట్టి మెట్టు పగలగొట్టించింది. గీత కోసమని ఒక్క మాట చెప్పకపోతివి కొడకా అని నా ముందే ఏడ్చింది. రజాక్ బండిని గుమ్మం దాకా తోలుకొచ్చాడు. ఎక్కడా తగల్లేదు.

సాయంత్రం బర్రెలు వచ్చాయి. మూల దగ్గర లచ్చి ఆగి, లేని మెట్టు మీదికి కాలెత్తింది.