సరదాకి నొక్కిన ఎర్రమీట

లోర్నా అక్కకి,

నేను రాసిన వార్త రేపు పత్రికలో వచ్చేలోపే నీకు తెలియాలి. మన కౌంటీ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు మూసేస్తున్నారు. జూన్‌లో మీ అమ్మాయి టెస్సా కాన్పుకి పక్క కౌంటీకి రెండు గంటలు ప్రయాణం చేయాలి. అక్కడి ఆసుపత్రిలో ఇప్పుడే పేరు రాయించండి.

వార్డుకు డబ్బిచ్చే బిల్లు తెచ్చింది కొత్తగా గెలిచిన డార్లీన్ వోస్. శాసనసభలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తవాళ్ల మొదటి బిల్లుకి అందరూ ముందు సరదాకి 'వద్దు' అనే ఎర్రమీట నొక్కి ఏడిపిస్తారు, తర్వాత 'సరే' అనే పచ్చమీటకి మారుస్తారు. కొత్తవాళ్లు ఆ రోజు అందరికీ మిఠాయి పంచాలి. నిన్నా ఓట్లు చూపే బోర్డంతా ఎర్రబడింది.

"ఒక్క మిఠాయికే పచ్చదీపమా? ఇంకోటి పెట్టమ్మా!" అని ఎవరో అరిచారు. డార్లీన్ కూడా నవ్వింది. ఎవరూ మీట మార్చకముందే, అధ్యక్ష స్థానంలో ఉన్న వెండెల్ క్రౌస్ బోర్డు వైపు చూసి మరీ ఓటింగ్ ముగిసిందని సుత్తి కొట్టాడు. బిల్లు వీగిపోయింది.

నువ్వు ప్రతి ఎన్నికకీ ఇంటిముందు ఎవరి బోర్డు పాతుతావో ఆ క్రౌసే. పన్నులు పెంచనని, పుట్టబోయే ప్రతి బిడ్డా పవిత్రమని ఇరవై ఏళ్లుగా గెలుస్తున్నాడు. వార్డుకి డబ్బిస్తే పన్ను పెంచాలి, వద్దని ఓటేస్తే మీకు మొహం చూపించలేడు. ఇప్పుడా రెండిటి అవసరమూ రాలేదు.

బయట అతన్ని పట్టుకుని అడిగాను. "చెయ్యి తొందరపడిందోయ్. వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు.

"మళ్లీ ఓటింగ్ పెట్టొచ్చుగా?"

"సుత్తి కొట్టాక కొట్టినట్టే!" అంటూ డార్లీన్ పంచిన మిఠాయి నోట్లో వేసుకున్నాడు. నాకు రోత పుట్టింది.

ఆదివారం చర్చిలో టెస్సాని దీవించడానికి వస్తాడు. ఎన్నో నెల అని అడిగితే చెప్పు. కాన్పు వచ్చే ఏడుదాకా ఆగదని కూడా చెప్పు.

నీ తమ్ముడు