అడవిమనిషి వెండినాణెం

ఆదివారం రాత్రి, తాడేపల్లిగూడెం

కోపం ఇంకా చల్లారలేదు.

తన మనవరాలి పట్టీల కోసం పాత వెండి ఉంటే ఇమ్మని ఏలూరులో ఉండే వదినగారు అడిగితే, ఈయన బీరువాలో నా చీరల కింద ఉన్న జర్మనీ నాణేన్ని కూడా కలిపి ఇచ్చేశారు. మూడొందల ఏళ్ల కిందట ఓ చిన్న సంస్థానం వేయించిన నాణెం అది. చెట్టును వేళ్లతో సహా పెకలించి పట్టుకున్న అడవిమనిషి బొమ్మ ఉంటుంది. ఆరేళ్లు వెతికి కొనుక్కున్నాను. సంగతి తెలియగానే ఏలూరు బస్సెక్కాను.

వదినగారి కంసాలి కొట్లోకి వెళ్లేసరికి ఆయన దాన్ని వెండి కరిగించే మూసలో వేయబోతున్నారు.

"ఆగండి! అది నాది" అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

అక్కడే కూర్చున్న వదినగారు తెల్లబోయారు. "ఎవరో దొరల డబ్బు నీకెందుకమ్మా? పట్టీలైతే పిల్ల కాళ్లకి చూసుకుంటాం కదా."

"పట్టీలు నేనే కొత్తవి చేయిస్తానండీ. దీన్ని మాత్రం కరగనివ్వను."

కంసాలి నాణేన్ని తుడిచి నా చేతిలో పెట్టారు. వెండిని పరీక్షించడానికి గీసిన ఆకురాయి గీత అంచున పడింది.

ఇంటికొచ్చి అడిగితే, "మామూలు వెండి అనుకున్నానే" అన్నారు ఈయన. నిజమే, ఇన్నాళ్లూ నా నాణేలన్నిటినీ తలోచోట దొంగసొత్తులా దాచింది నేనే. నా తర్వాత వీటి గతి ఏమిటో...

సరే. ఇందాకే పదకొండు నాణేలూ ముందుగదిలో అద్దాల బీరువాలో పేర్చి, ఏది ఏ సంస్థానానిదో పక్కన రాసి పెట్టాను. చోటు చాలక ఈయన షటిల్ ఆటలో గెలిచిన షీల్డులు తీసి మంచం కింద పెట్టాను. ఈయన ఇంకా చూసుకోలేదు.

చూసుకోనీ.