సాహిత్యకు రెండేళ్ళ అనుభవం

తాండూరు,
సోమవారం

చిరంజీవి గిరీష్‌ను దీవించి మీ నాగేశ్వర్ అన్న రాయునది.

మా సాహిత్య తప్ప ఇక్కడ అందరం కులాసా. దాని బీటెక్ అయి ఏడాది దాటింది. ఉద్యోగం లేక పొద్దస్తమానం ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతుంటే మీ వదినకు తలనొప్పి, నాకు గుండెదడ. వికారాబాద్‌లో నా చిన్నాన్న కొడుక్కి సొంత సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండగా మాకీ పరేషాన్ ఏమిటి? ఊఁ అను, పంపించేస్తాను.

ఇట్లు, నీ అన్న నాగేశ్వర్

తా.క.: ఫోన్ చేస్తే "చూద్దాం అన్నా" అంటావు. కాగితం మీద అంత సులువుగా అనలేవని మన మిల్లు లారీలో ఉత్తరం పంపుతున్నాను.

వికారాబాద్,
బుధవారం

నాగేశ్వర్ అన్నకు గిరీష్ నమస్కారాలు.

నా కంపెనీ అంటే కిరాణా దుకాణం మీద రెండు గదులు, ఇద్దరు సీనియర్లు. హైదరాబాద్ వాళ్ళు ఎగరేసుకుపోకుండా వాళ్ళకు అడిగినంత జీతం ఇస్తున్నాను. కొత్తవాళ్ళను తీసుకుంటే ఆర్నెల్లు నేర్పాలి. నేర్పే సీనియర్ ఆ ఆర్నెల్లు తన పని చేయడు. రెండు జీతాలు పోతాయి, పని మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళనే పెట్టుకుంటున్నాను. సాహిత్యను ఇప్పుడే పంపకు.

నీ తమ్ముడు గిరీష్

తా.క.: చూద్దాం అన్నా.

తాండూరు,
శుక్రవారం

తమ్ముడికి ఆశీస్సులు.

అనుభవం కావాలని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా! మన పప్పు మిల్లు లెటర్‌హెడ్ మీద సాహిత్యకు రెండేళ్ళ కంప్యూటర్ అనుభవం రాసి, ముద్ర కొట్టి జతచేశాను. ఇంకేమైనా అనుభవం కావాలంటే మొహమాటపడకు, రాసిస్తాను.

నీ అన్న

తా.క.: రెండేళ్ళ క్రితం పిల్ల కాలేజీలో ఉంది కదా అని మీ వదిన అడ్డం పడింది. సెలవులు కలిపానని చెప్పాను.

వికారాబాద్,
ఆదివారం

అన్నకు దండాలు.

రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు అడిగే జీతం నేనిచ్చుకోలేను. నీ కాగితం నిజమైతే సాహిత్య నాకు అందదు, అబద్ధమైతే నాకు పనికిరాదు. నన్ను వదిలెయ్యి.

గిరీష్

తా.క.: ముద్రలో "రాళ్ళు, పొట్టు లేనిది" అని ఉంది. అది పప్పు బస్తాల ముద్ర.

తాండూరు,
మంగళవారం

గిరీష్‌కు,

ధర దగ్గర ఆగావని ముందే చెప్పాల్సింది. ఏడాది తగ్గించాను, కొత్త కాగితం చూడు. ఇంకా ఎక్కువనిపిస్తే ఆరు నెలలకు ఖాయం చేసుకో. అంతకన్నా దిగితే నాకు గిట్టదు.

ఇక అసలు మాట. కొత్తవాళ్ళంటే మీకెందుకురా అంత భయం? ఎవరో ఒకరు మొదట చేరనిస్తేనే కదా పిల్లలకు పని వచ్చేది! మీలాంటి పిరికివాళ్ళ వల్ల నా బిడ్డ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతోంది. కడుపు మండి రాస్తున్నాను.

నాగేశ్వర్

తా.క.: ఈ ఉత్తరం తెచ్చింది సాహిత్యే. వాపసు తీసుకోబడదు.

వికారాబాద్,
బుధవారం

అన్నా,

సాహిత్య వచ్చింది. నీ ఉత్తరం నా చేతికిచ్చి, నీ కాగితం మాత్రం నా ముందే చింపింది. "చిన్నాయినా, గిది అబద్ధం. నాకు ఏ అనుభవం లేదు. మస్తు ఇంటర్వ్యూలల్ల గిదే చెప్పి బయటికొచ్చిన" అంది.

"జర మీ నాయిన మిల్లులనే ఏడాది నిజంగ పని చెయ్యరాదు బిడ్డా?" అన్నాను.

"అందరికన్న ముందు నాయిననే అడిగిన. మిల్లు కంప్యూటర్ కొత్తోళ్ళ చేతికి ఇయ్యనన్నడు. అనుభవమున్నోడు కావాల్నని సేడం నుంచి దేవప్పను తెచ్చుకున్నడు" అని ఏడ్చింది.

అన్నా, నీ ఉత్తరం మళ్ళీ చదివాను. పిరికివాళ్ళన్నావే, ఆ మాట మనిద్దరికీ సరిపోయింది. నాకు సిగ్గేసింది. సోమవారం నుంచి సాహిత్య ఇక్కడే పని చేస్తుంది. సీనియర్లను కదిలించను, నేనే పక్కన కూర్చుని నేర్పుతాను. జీతం కొంచెమే. పని వచ్చాక హైదరాబాద్ వెళ్ళిపోతుందేమోనని భయం ఉంది. వెళ్తే వెళ్ళనీ, పిల్ల అన్నం తింటుంది.

నీ తమ్ముడు గిరీష్

తా.క.: దేవప్పకు నువ్విచ్చే జీతం ఎంతో సాహిత్య చెప్పింది. కంపెనీ యజమానిగా నాకు అంత మిగలడం లేదు. అతను మానేస్తే కబురు పెట్టు. నేను కొత్తవాణ్ణి కాదు.