జీతం కింద వచ్చిన మోపెడ్

ఏమయ్యా, హుజూర్‌నగర్‌లో నువ్వు పనిచేసిన ఎరువుల దుకాణం సేటు, నువ్వు కన్నుమూసిన ఏడాదికి, ఇవాళ నీ జీతం బాకీ తీర్చాడు. ఎట్లాగనుకున్నావు? నువ్వు రోజూ ఇంటికి వేసుకొచ్చే ఆ దుకాణం మోపెడ్‌నే నడుపుకుంటూ వచ్చి, "పైసల్లేవమ్మా, గీ బండి ఉంచుకో. ఇగ నీకూ నాకూ లెక్క సాఫ్" అన్నాడు. "నాకు నడపరాదు సేటూ, గిది నేనేం జేసుకోవాలె?" అని ఎంత మొత్తుకున్నా వినకుండా ఆటో ఎక్కి పోయాడు. పెట్రోలు కూడా మన వాకిలి దాకా సరిపోయేంతే పోసుకొచ్చాడు మహానుభావుడు!

అమ్మిపారేద్దామంటే మన కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. బండి చప్పుడు వినగానే వీధి చివరికి ఉరికింది. అప్పటి నుంచి దాని పక్కనే కూర్చుంది. బండి వచ్చింది, మనిషేడని నా ముఖంలోకే చూస్తోంది. దానికి నేనేం చెప్పాలయ్యా?