అంచు బంటు

అన్నా,

ఈ రోజు నీ సంవత్సరికం. భోజనాలయ్యాక వదిన నీ చెస్ బోర్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే తీస్కపో సుజాతా, చూస్తుంటే నాకు తక్లీఫ్ అయితుంది" అంది. కార్ఖానాలో మీ ఇంటి నుంచి నేరేడ్‌మెట్ దాకా బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను.

ఇంటికొచ్చి, మనం ఎప్పుడూ గొడవపడే ఆటనే పేర్చాను. నీకు రాజు, అంచు వరసలో ఒక బంటు. నాకు ఆ బంటు దారి చివర మూలన కూర్చున్న ఒంటరి రాజు. అదే ఆటని ఫోన్‌లోని చెస్ ప్రోగ్రామ్‌కి చూపించాను. ఒక బంటు ఎక్కువుందని మొదట నీవైపే మొగ్గు చూపించింది. నాకు ఒళ్లు మండింది. ఇంకొన్ని ఎత్తులు ముందుకు చూసుకున్నాక, ఇద్దరూ సమానమేనంటూ సున్నాకి దిగింది. మూలన కూర్చున్న రాజుని అక్కణ్ణించి లేపడం ఎవరి వల్లా కాదు కనక డ్రా అంది.

డ్రా అని నేనన్నదే నిజమైంది. చెబుదామని తలెత్తితే ఎదురుగా గోడ ఉంది.

అయినా అంచు బంటుతో గెలవలేమని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే కదా! మరి బస్సుకి వేళైంది, డ్రా ఒప్పుకో అని నేను లేచిన ప్రతిసారీ, "జెర కూసో, బంటుంది గదా, ఆట ఏడ అయింది?" అనేవాడివి. వదిన మళ్లీ చాయ్ పెట్టేది. నేను విసుక్కుంటూ కూర్చునేదాన్ని.

ఇప్పుడు నీ బంటుతో నేనే ప్రోగ్రామ్ మీద ఆడుతున్నాను. కాసేపటికే డ్రా చేసుకుందామా అని అడిగింది. వద్దని నొక్కాను.

"జెర కూసో" అన్నాను దానితో. "ఆట ఏడ అయింది?"