మారు అన్నం

అవ్వా,

మా అమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఆమె కంచంలో మారు అన్నం పడకుండా అడ్డుకున్నది నువ్వే. ఈ ఉత్తరం నీకు మీ పక్కింటి కవిప్రియ చదివి వినిపిస్తుంది. మధ్యలో ఆపమనవద్దు.

"రఘు పిడికెడంత పుట్టినాడు, మీయమ్మకు నొప్పే తెలీలా" అని ఇన్నేళ్లూ గొప్పగా చెప్పుకున్నావు. ఆ పిడికెడు బిడ్డకు, మా అన్నకు, ముప్పై ఏళ్లకే చక్కెర జబ్బు, రక్తపోటు. "ఈనెపుల్ల మాదిరి ఉండేవాడికి షుగరేంది?" అని వీధంతా నవ్వుతోంది. తల్లి కడుపులో అర్ధాకలితో పెరిగిన బిడ్డకు పెద్దయ్యాక ఈ జబ్బుల ముప్పు ఎక్కువని అన్నను చూపించిన ఆసుపత్రి కరపత్రంలో చదివాను. అదొక్కటే కారణమని చెప్పలేమన్నారు డాక్టరమ్మ. ఆమె నీ గొప్పలు వినలేదు కదా!

ఇప్పుడు వదినకు ఏడో నెల. మొన్న మూలకుళం నుంచి వచ్చి, ఆమె ముందునుంచి అన్నం గిన్నె తీసేశావు. "సాలు కళైసెల్వీ, బిడ్డ లావైతే కడుపు కోస్తారు" అన్నావు. వదిన తల వంచుకుని చెయ్యి కడుక్కుంది. అమ్మ కూడా అలాగే కడుక్కుని ఉంటుంది.

ఆదివారం సీమంతం. ఐదు రకాల అన్నాలు ఆమె ముందు పెట్టి, ఫోటో తీసి, మనమే తినేసే సీమంతం ఈసారి జరగదు. అత్తలందరినీ వెంటబెట్టుకుని పదిగంటలకల్లా నెల్లితోపు ఇంటికి రా. వదిన కడుపు నిండాకే మిగతా ఆకులు వేస్తాం. ఆమెకు మారు అన్నం మాత్రం నీ చేత్తోనే వడ్డించాలి.

నీ చిన్న మనవడు